కుడి కొమ్ము వంగిన బర్రెలు

అశోక్‌నగర్ సందు మొదట్లో కనకయ్య చాయ్ బండి దగ్గర సాయంత్రమైతే రాఘవేందర్ సార్ దర్బారు మొదలవుతుంది. ఆయనది చిక్కడపల్లిలో తాతల నాటి ఇల్లు, హిమాయత్‌నగర్‌లో ఏజెన్సీ. పేదరికం తగ్గించే పథకాలు ఎలా వేయాలో, వేశాక ఎలా కనిపెట్టి చూడాలో సర్కారు అధికారులకు నేర్పడం ఆయన పని.

2013లో ఆ సాయంత్రం సంధ్య కూడా వచ్చింది. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం చూసి చూసి రెండేళ్లయింది. దసరాలోపు ఏదో ఒక కొలువు దొరక్కపోతే హాస్టల్ ఖాళీ చేసి ఊరికి రమ్మని ఇంటి నుంచి ఫోను. సార్ దగ్గర ఫీల్డ్ మానిటర్ ఉద్యోగం ఒకటి ఉందని కోచింగ్‌లో తోటివాడు సురేశ్ వెంటబెట్టుకొచ్చాడు.

"ఫీల్డ్ ఎక్స్‌పీరియన్స్ ఉందామ్మా?" అన్నాడు సార్ చాయ్ ఊదుకుంటూ. ఆమె నోరు తెరిచేలోపే, "లేకుంటె లేదు తియ్యి. ముందుగాల నాది విను" అని బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు.

"మూడేండ్ల కింద ఒక జిల్లాకు పోయిన. అధికారులందర్ని హాల్ల కూసోవెట్టి ఒక్కటే అడిగిన, మీ జిల్లాల పేదోళ్లు ఎంతమంది అని. ఏమన్నరో ఎరుకేనా? 'పోయినేడు ఎంత రాసినమో గంతే సార్' అన్నరు! మూడొద్దులు ట్రైనింగ్ ఇచ్చిన. నాలుగో రోజుకు ఒక్కొక్కడు పొయ్యి పొగ చూసి ఇంటి ఆదాయం చెప్తుండు."

"గ్యాసు పొయ్యి ఉన్నోళ్లదో?" అన్నాడు సురేశ్.

"ఆడ జర పరేషాన్ అయ్యిన్రు. అది ఇడిసిపెట్టు. ఒక ఊర్ల ముప్పై మంది ఆడోళ్లకు లోన్ల మీద బర్రెలిచ్చినమన్నరు. నాకు మాటలొద్దు, ఇంటి ముంగట బర్రెను నిలవెట్టి ఫొటో కావాలె అన్న. నేనే జీపేసుకొని పోయిన. పగటి బువ్వ తిని బయలెల్లితె పొద్దుగూకేలోపు ముప్పై ఇండ్లు, ముప్పై బర్రెలు!"

సంధ్యకు లెక్కలు కొట్టిన పిండి. అంటే ఇంటికి పది నిమిషాలు. బర్రెను కదలకుండా నిలబెట్టడానికే అంత పడుతుంది, అనుకుంది. ఉద్యోగం గుర్తొచ్చి చాయ్ గ్లాసు అందుకుంది.

"ఏడాది తిరిగేసరికి ఆ ముప్పై బర్రెలు మూడు వందలయినయి."

"బర్రె ఏడాదికి తొమ్మిదిసార్లు ఈనుతదా సారూ?" కనకయ్య గిన్నెలో గరిటె ఆపాడు.

"ప్లానింగ్ మంచిగుంటె ఈనుతది కనకయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాలకు క్యాన్లు చాల్తలేవని కాల్వలకు వదిలిన్రు. ఆ పాలు పారిన పొలంల వరి వేస్తే, ఆ బియ్యం వండితే అన్నం అయితలేదు, పాయసం అయితుంది."

"చక్కెర?"

"పక్కన్నే చెరుకు తోట. ఇగ పేదోళ్లు ఖతం! ఢిల్లీ నుంచి ఇంకో పథకం వస్తె మొదలువెట్టనీకి జిల్లాల ఒక్క పేదోడు లేడు. అధికారులు నా కాళ్లమీద వడ్డరు. పక్క జిల్లా నుంచి ఒక్కణ్ని డెప్యుటేషన్ మీద తెప్పించిన. ఫొటో దిగేలోపే వాడు గూడ దారిద్ర్యరేఖ దాటిండు! వాపస్ పంపితె ఆ జిల్లావోళ్లు తీసుకుంటలేరు, మా లెక్క ఖరాబైతదని!"

సురేశ్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"నమ్మవా? ఇగో" అని సార్ ఫోను తీసి ఒక్కో ఫొటో జరిపాడు. "చూడున్రి, ప్రతి బర్రెకు కుడి కొమ్ము చెవి మీదికి వంగుంది. ముప్పైకి ముప్పై! ఒక్క సైజు, ఒక్క రంగు, ఒక్క కొమ్ము. గిదీ ప్లానింగ్ అంటె!"

సంధ్య ఫోను మీదికి వంగింది. ఒక్కో ఫొటోను వేలితో వెనక్కి జరిపి మళ్లీ చూసింది. మొదటి ఫొటోలో బర్రె హుషారుగా తలెత్తి ఉంది. మధ్యలో నాలుక బయటపెట్టింది. చివరి ఇంటి ముందు కూలబడి, ఇక లేవను పో అన్నట్టు చూస్తోంది.

"నువ్వు చెయ్యవలసిన పని గిదే" అన్నాడు సార్. "గిసుంటి అనుభవం ఏమన్న ఉందా, లేదా?"

లేదంటే ఉద్యోగం పోతుంది. ఉందని నిజం చెబితే, అప్పుడూ పోతుందేమో. సంధ్య గ్లాసు కింద పెట్టింది.

"ఉంది సార్. ఫొటోల అంచుకు గోడ చాటు నుంచి తాడు వట్టుకున్న చెయ్యి, పచ్చగాజులు కనవడుతున్నయా? అది నాదే. ఇస్తమన్న బర్రెలు ఒక్కటి రాలే. ఇది మా ఇంటి బర్రె లచ్చి. దూడప్పుడు గడ్డిబండి కింద వడి కొమ్ము వంగింది. మీ దగ్గర ట్రైనింగ్ అయిన ఆఫీసరే వచ్చి, 'సారుకు ఫొటో కావాలె, బర్రె కాదు' అన్నడు. మీ జీపు బజారు తిరిగొచ్చేలోపు ఎన్క సందుల నుంచి నేను దీన్ని ఇంకో ఇంటికి ఉరికించిన. ఆ రాత్రి అది చుక్క పాలియ్యలే. మా అవ్వ మీ జీపును తిట్టని తిట్టు లేదు."

కనకయ్య నవ్వుకు గరిటె చేజారింది. సార్ ఫోను జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎక్స్‌పీరియన్స్ అంటె మా ఇద్దరికీ ఉంది సార్" అంది సంధ్య. "లచ్చి ముసలిదయింది. నన్ను తీసుకోన్రి."