ఇద్దరూ కలిపి డెబ్భై అయిదు

స్నానాల గది గుమ్మం దగ్గర, నేల మీద బరువు తూచే మిషను. దాని మీద భర్త, అతని చేతుల్లో మూడు నెలల పాప. ఎదురుగా భార్య.

"కదలకు."

"కదలట్లేదు."

"కదులుతున్నావ్. అంకెలు గెంతుతున్నాయి."

"గెంతేది నేను కాదు, నీ కూతురు. కాళ్లు చూడు, సైకిల్ తొక్కుతోంది."

"ఒక చేత్తో ప్యాంటెందుకు పట్టుకున్నావ్? రెండు చేతులతో పట్టుకో."

"వదిలితే జారిపోతుంది."

"పాపా?"

"ప్యాంటు."

"అబ్బా, ఉండు... ఆగింది, ఆగింది! డెబ్భై అయిదు."

"అంతేనా? పోయిన నెల ఇద్దరం కలిపి డెబ్భై ఆరున్నర కదా?"

"అవును."

"అంటే..."

"అనకు."

"కిలోన్నర..."

"అనొద్దన్నానా! పోయిన నెల బూట్లతో ఎక్కావా?"

"ఉత్త కాళ్లతోనే ఎక్కాను. నువ్వే విప్పించావు, నేల పాడవుతుందని."

"నీ బరువెంత?"

"డెబ్భై రెండు. పోయిన నెలా అంతే, పెళ్లినాడూ అంతే. లిఫ్టులు బాగుచేసేవాణ్ణి, నా బరువు నాకు తెలియదా?"

"డెబ్భై అయిదులో డెబ్భై రెండు పోతే..."

"మూడు."

"మూడా! పుట్టినప్పుడే మూడుంది! మూడు నెలలుగా పోసిన పాలన్నీ ఎక్కడికి పోయాయి?"

"కొన్ని నా చొక్కా మీదికి పోయాయి."

"నవ్వకు."

"నవ్వట్లేదు. భయమేస్తే నా మొహం ఇలాగే ఉంటుంది."

"ఇదిగో, మళ్లీ ఏడుపు. ఆకలి."

"ఇప్పుడేగా సీసా ఖాళీ చేసింది!"

"ఖాళీ చేసి, సీసాని కూడా మింగేద్దామా అన్నట్టు చూసింది. ఇందాక పాలు కలిపింది నువ్వే కదా, పొడి సరిగ్గా వేశావా?"

"డబ్బా మీద ఎలా రాసుందో అలాగే. చెంచా నిండా తీసి, పైన కత్తితో గీసి, చదును చేసి..."

"నీళ్లు ముందా, పొడి ముందా?"

"నీళ్లే ముందు. నన్ను పరీక్షలో కూర్చోబెట్టకు తల్లీ, చెమటలు పడుతున్నాయి."

"పాలపీక కన్నం మూసుకుపోయిందేమో?"

"లేదు. తిరగేసి చూశాను, చుక్కచుక్కా పడుతోంది. నాలుక మీద కూడా వేసుకుని చూశాను."

"ఎలా ఉంది?"

"బాగుంది. నిజం చెప్పాలంటే సీసా మొత్తం తాగేద్దామనిపించింది."

"సిగ్గులేదూ? పసిపిల్ల పాలు!"

"తాగలేదుగా! అనిపించిందన్నాను, అంతే."

"పాపని ఇలా ఇవ్వు. ఆ రెండో సీసా అందుకో. ఇంకాస్త ఒంచితే గాలి పోదు... ఆ, పట్టుకుంది. చూడు, ఎలా లాగుతోందో!"

"బావిలో మోటారు పెట్టినట్టుంది. ఇంత లాగే పిల్ల మూడు కిలోలేంటి?"

"నా వల్లే."

"మళ్లీ మొదలెట్టావా?"

"నాకు సరిపడా పాలు పడి ఉంటే ఈ డబ్బా గోలే ఉండేది కాదు."

"డాక్టరమ్మ ఏం చెప్పింది? పిల్ల కడుపు నిండాలి, ఏ పాలతో నిండితే ఏంటి అంది. అందా లేదా?"

"అంది."

"నువ్వు తలూపావా లేదా?"

"ఊపాను. ఊపిన తలలోనే ఇదంతా తిరుగుతోంది."

"సరే, రేపు పొద్దున్నే వెళ్లి చూపిద్దాం. ఈలోగా అమ్మకి మాత్రం చెప్పకు. కంగారు పడుతుంది."

"ఊఁ."

"ఊఁ అంటే ఏంటి? చెప్పనని చెప్పు."

"చెప్పను... మళ్లీ."

"మళ్లీనా? అంటే చెప్పేశావా?"

"నువ్వు పాలు కలుపుతున్నప్పుడు ఫోన్ చేశాను. పాప చేతిలో దూదిలా తేలిపోతోందన్నాను. ఇంకేమీ అనలేదు. కొంచెం ఏడ్చాను, అంతే."

"అయిపోయింది. ఇప్పుడావిడ స్కూలు వ్యాను తోలుకుంటూ, పిల్లలందరితో సహా వచ్చేస్తుంది."

"పిల్లల్ని దింపేశానురా! మెట్ల మీదున్నాను!"

"అమ్మ వచ్చేసింది. మిషను దాచు, మిషను!"

"నా చేతిలో పాప, పాప నోట్లో సీసా. నువ్వే దాచు!"

"దాచక్కర్లేదు, తలుపు తీసే ఉంది, అంతా కనబడుతోంది. ఏమ్మా, ఇంకా ఏడుస్తున్నావా?"

"లేదత్తయ్యా. ఈయనగారు సరిగ్గా తూచలేదేమోనని... ఏమండీ, మీరే చెప్పండి."

"ఓహో, నేను రాగానే వీడు ‘మీరు’ అయిపోయాడా? ‘సిగ్గులేదూ’ అన్నది మెట్ల మీదికి వినబడిందిలే."

"అదీ... అత్తయ్యా..."

"అనమ్మా, అను. నేనూ వాణ్ణి అదే అంటాను. పాపనిటివ్వు. రావే నా బుడంకాయా... అమ్మో!"

"ఏంటత్తయ్యా? ఏమైంది?"

"ఇదా దూది? చెయ్యి లాగేస్తోంది నాకు! గడ్డం కింద ఇంకో గడ్డం వచ్చింది దీనికి. ఎంతన్నావురా?"

"మూడు కిలోలమ్మా. మిషను చెప్పింది."

"మిషను దీన్ని తూచిందా?"

"ఇద్దర్నీ కలిపి తూచింది. అందులోంచి నా డెబ్భై రెండు తీసేస్తే..."

"నీ డెబ్భై రెండు ఇవాళ ఎవరు తూచారు?"

"ఎవరో తూచడమేంటమ్మా, నాకు తెలుసు."

"ఎక్కు."

"నేనెందుకు..."

"ఎక్కరా. ఉత్త చేతులతో."

"ఏమండీ, ఎక్కండి!"

"ఎక్కుతున్నా, ఎక్కుతున్నా. ఇదిగో, చూసుకోండి, డెబ్భై... మిషను పాడైంది."

"ఎంత చూపిస్తోంది?"

"పాడైందన్నానుగా."

"మీరు కాస్త పక్కకి వంగండి, నన్ను చూడనివ్వండి. అరవై తొమ్మిదిన్నర! ఉండండుండండి... డెబ్భై అయిదులో అరవై తొమ్మిదిన్నర పోతే... అయిదున్నర! అత్తయ్యా, అయిదున్నర! పోయిన నెల ఆస్పత్రిలో నాలుగున్నర! కిలో పెరిగింది! నా బంగారం కిలో పెరిగింది!"

"మెల్లిగానమ్మా, ఉలిక్కిపడి పాలు కక్కుతుంది."

"కక్కనివ్వండి! నా నెత్తి మీదే కక్కనివ్వండి! కిలో అత్తయ్యా, కిలో!"

"నేను చెప్పానా లేదా? డబ్బా పాలైతే ఏంటట? ఇంకో రెండు నెలలాగు, నేను బాగుచేసే లిఫ్టు కూడా దీన్ని మొయ్యనంటుంది!"

"తేన్పొచ్చింది! విన్నారా? లారీ హారన్‌లా లేదూ?"

"విన్నానమ్మా. ఒరేయ్, మధ్యాహ్నం ఎక్కడ తింటున్నావు?"

"ఇప్పుడదెందుకమ్మా?"

"అడిగినదానికి చెప్పు."

"తింటున్నాను."

"ఎక్కడ?"

"అక్కడే."

"పని దగ్గరే తినేసి వస్తారత్తయ్యా. వచ్చి మధ్యాహ్నం పాలు తనే పడతారు, నన్ను కాసేపు నడుం వాల్చమంటారు."

"నిన్న వీళ్ల సూపర్‌వైజరు పెట్రోలు బంకులో కనబడ్డాడు. ‘మీవాడు మాతో కూర్చోడండీ, రోజూ ఇంటికెళ్లి పెళ్లాం చేతి వంటే తింటాడు’ అన్నాడు."

"వాడికి అన్నీ కావాలి..."

"అక్కడేమో ఇంట్లో తింటానంటావు, ఇంట్లోనేమో అక్కడ తిన్నానంటావు. మరి తినేదెక్కడరా?"

"దారిలో..."

"దారిలో?"

"దారిలో టైముండదమ్మా. రావడానికి, పోవడానికే సరిపోతుంది. ఆ ఒక్క సీసానే నా చేత్తో తాగేది. మధ్యలో పీక వదిలేసి, నా మొహంలోకి చూసి నవ్వుతుంది. నోటి నిండా పాలుంటాయి, పక్క నుంచి కారిపోతుంటాయి, అయినా నవ్వుతుంది. కంచం ముందేసుకుని కూర్చుంటే అది పోతుంది కదమ్మా."

"పిచ్చివాడా! కట్టుకున్నదాన్ని, నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా నువ్వు!"

"సరేలే, నా సంగతి వదిలెయ్యండి. పాప కిలో పెరిగింది, నాకది చాలు. ఏంటమ్మా, మేమిద్దరం ఎగురుతుంటే నువ్వు మొహం అలా పెట్టావు? నవ్వు!"

"నీ బిడ్డ కిలో పెరిగిందిరా. నా బిడ్డే రెండున్నర కిలోలు తగ్గాడు."