తప్పు చెరిసగం

టమోటా రైతు ఉరుకుందు కోతలు కోయడం మొదలుపెట్టాడంటే, పత్తికొండ టమోటా మార్కెట్ ఎదురుగా ఉన్న యశోద టీ కొట్టులో గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగిపోతుంది. ఆ రోజు మాత్రం హమాలీల మేస్త్రీ గోపన్నకు ఆ నోరు ఎలాగైనా మూయించాలని ఉంది. పది గంటలకు పంచాయితీ.

సోమవారం వేలంపాట దగ్గర ఉరుకుందూ, కడప పక్క వేంపల్లె వ్యాపారి ఓబుళేశూ కొట్టుకున్నారు. ఓబుళేశు నుదుటికి కుట్లు పడ్డాయి, ఎడమచేతికి సిమెంటు కట్టు వేశారు. గోపన్న రెండుసార్లు వేంపల్లెకు తిరిగి, గడ్డం పట్టుకుని బతిమాలి, 'తప్పు చెరిసగం, స్టేషన్ దాకా వద్దు' అన్న మాటకు ఆయన్ను ఒప్పించి వచ్చాడు. ఆఖరి మాట చెప్పడానికి అల్లుణ్ణి పంపుతానన్నాడు ఓబుళేశు. ఆ అల్లుడు భూపేష్ కాసేపటి కిందటే బస్సు దిగి, చివరి బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అతనెవరో ఉరుకుందుకు తెలియదు. చెబుదామని గోపన్న లేవబోతే, భూపేష్ 'వాణ్ణి మాట్లాడనీ' అన్నట్టు చెయ్యి ఆడించాడు.

కేసు పడితే ఉరుకుందు రెండెకరాల కాయ చెట్టు మీదే కుళ్లిపోతుంది. ఆ బెంగ ఉరుకుందుకు తప్ప అందరికీ ఉంది.

"శానా చిన్న సంగతిలేప్పా," అని వినయంగా మొదలుపెట్టాడు ఉరుకుందు. "ఆయప్ప నా బాక్సులో కాయ నొక్కి చూసి, 'ఏం బ్బీ, కాయ మెత్తగుండాదే' అనె. నాకు యాభై రెండేండ్లు. పక్కన మా వియ్యంకుడు నిలబడుకోని ఉండాడు. బ్బీ అంటే మన పక్క ఎవర్ని అంటారు? చెడ్డీ ఏసుకున్న పిల్లోణ్ణి."

"కడప పక్క అందర్నీ అట్లే అంటారంట, ముద్దుగా," అంది యశోద.

"ఆ ముద్దు ఇంట్లో పెట్టుకోమను. నేను మర్యాదగా 'అప్పా అనప్పా' అంటి. ఆయప్ప నా కాలరు పట్టుకునె. నేనేం చేస్తి? ఇట్లా ఒక్క ఏలితో తోస్తి. ఆ తర్వాత ఏమాయెనో తెలుసునా?"

గోపన్న గట్టిగా దగ్గాడు. "పది అవుతాంది, లెయ్యప్పా."

"ఉండు, అసలు కథ ఈడ్నే ఉండాది. ఆయప్ప గాల్లోకి లేసి, మూడు లారీలు దాటి, నాలుగో లారీ టాపు మీద బాసింపట్టేసుకోని కూచునె. అంతలోకి వేంపల్లె మనుషులు ముప్పై మంది నన్ను చుట్టుకునిరి."

"మొన్న పదైదు మంది అంటివి," అన్నాడు పెద్ద ఈరన్న. మార్కెట్ గేటు దగ్గర కాపలా ఉంటాడు, మనుషుల్ని లెక్కపెట్టడం అలవాటు.

"ఆ పదైదు మంది తొలి బండిలో దిగినోళ్లు. రెండో బండి నువ్వు చూడల్యా. నేనొక బాక్సు ఎత్తి గిరగిరా తిప్పితి. ఆ గాలికి ముప్పై మందీ పోయి దేవనకొండలో పడిరి. టమోటాలు పైకి లేసి సూర్యుణ్ణి కప్పేసె. మళ్ల కిందికి పడి, ఆదోని రోడ్డు మీద మోకాలి లోతు రసం. బస్సు తేలుకుంటా పోయె, డ్రైవరు స్టీరింగు వదిలేసి తెడ్డు పట్టుకునె. డోన్‌లో రైలు నిలబెట్టిరి, పట్టాల మధ్య టమోటా నారు మొలిచిందని. మదనపల్లెలో యాలం ఆపేసి, పత్తికొండలో ఉరుకుందు చెయ్యి దించినాక మొదలుపెడదాం అనిరంట."

గోపన్న టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. కోత ఒక్కో అంతస్తు లేచే కొద్దీ చెరిసగం ఒక పక్కకు ఒరిగిపోతోంది. ముప్పై మందిని ఒక్కడే కొట్టినవాడికి సగం తప్పేమిటి, మొత్తం వాడి నెత్తినే.

"నీకూ దెబ్బలు తగిలె గదా, అది చెప్పు," అని అందించాడు.

"నాకా? ఒక్కటి చూపియ్యి."

"మరి నడుముకు కాపడం ఎందుకు పెట్టించుకుంటాండావు?"

"ముప్పై మందిని ఇసిరితే నడుము పట్టదా?"

కొట్టంతా నవ్వింది. భూపేష్ కూడా కొంచెం నవ్వి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పెద్దాయనా, ముప్పై మంది సంగతి నాకు తెల్దు. ఒకాయన కింద పడినాడు గదా, ఆయన సంగతి అడుగుతాండా. పడినాక చెయ్యి అడ్డం పెట్టి 'చాలప్పా' అన్న్యాడంట. బ్బీ అనల్యా, నువ్వు అడిగినట్టే అప్పా అన్న్యాడు. అప్పుడన్నా ఆ బాక్సు కింద పెట్టొచ్చు గదా."

"నువ్వెవరు?"

"ఆయన అల్లుణ్ణి. ఆ అడ్డం పెట్టిన చెయ్యే ఇరిగింది."

ఉరుకుందు తల దించుకున్నాడు. తలెత్తకుండానే, "వినపడిందప్పా," అన్నాడు. "విని కూడా రెండు దెబ్బలు ఏస్తి. కాలరు పట్టుకునింది ఆయప్ప తప్పు. ఆ రెండు దెబ్బలు మాత్రం నావే."

చెరిసగం పోయిందనుకున్నాడు గోపన్న. పంచాయితీ అయిపోయినట్టే. భూపేష్ మాత్రం లేవలేదు, ఇంకా ఏదో వస్తుందన్నట్టు చూస్తున్నాడు.

"ముప్పై మంది ఉండింది కూడా అబద్ధం కాదు," అన్నాడు ఉరుకుందు. "వేంపల్లె వాళ్లు కాదు, మనోళ్లే. చుట్టూ నిలబడిరి. ఎవరన్నా వచ్చి బాక్సు పట్టుకుంటారేమోనని చూస్తి. ఎవరూ రాల్యా."

కొట్టులో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. గోపన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పెద్దమనిషిగా పంచాయితీకి బయల్దేరాలి కదా.

"పద నాయనా భూపేష్, ఆడ కూచోని ఎవరి తప్పు ఎంతో తేల్చుదాం," అన్నాడు.

"తేల్చు అన్నా," అంది యశోద గ్లాసులు కడుగుతూ. "ఆ పొద్దు నువ్వు నిలబడుకోనింది ముందు వరసలోనే."