రెక్కలో మడత

ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కుగా చేసి చిత్తూరులో స్థిరపడిన పెద్దాయనకు, ఒకామె తన నాయన విమానం ముందు నిలబడిన పాత ఫోటో చూపించింది.

“ఇదేం విమానమో చెప్పన్నా. దీంట్లోనే యుద్ధానికి పోయినానని చెప్పేవాడు నాయన. అప్పుట్లో ఏండ్ల తరబడి ఇంటికి రాలేదు.”

“ముక్కు సూస్తే సరుకులు మోసే డకోటా మాదిరుండాది. తోకేమో యుద్ధం చేసే హంటరుది. నాకేం అర్థం కాలేదు మా.”

“రెండూ కలిపి చేసినారేమో?”

“అట్లెవరూ చెయ్యరు. ఆ భూతద్దం ఇట్లియ్యి... ఈడ సూడు, రెక్కలో మడత ఉండాది.”

“విమానానికి మడతేందన్నా?”

“విమానం కాదు మా, గుడ్డ. తిరుపతి గంగమ్మ జాతరలో ఫోటోలు తీసేవాళ్లు ఎనక కట్టే బొమ్మల తెర.”

“జాతరలోనా? మా అమ్మ పోయేదాకా దీనికే దండం పెట్టుకునింది.”

పెద్దాయన భూతద్దం పక్కన పెట్టి, ఫోటో ఆమె చేతికిచ్చాడు.

“మరి అన్నేండ్లు నాయన యాడుండినాడన్నా?”