ఆఖరు ఎవరు

ఇబ్రహీంపట్నంలో యూరియా ఇచ్చే గోదాము ముందు చెప్పులు వరుసలో నిలబడ్డాయి, వాటి మనుషులు నీడకు చేరారు. అక్కడ కూర్చున్న ఒక తండ్రికి, స్పెయిన్‌లోని వలెన్సియాలో చదువుకుంటున్న కూతురు ఫోన్ చేసింది.

"కాలేజీకి పోలేదా బిడ్డా?"

"ఇయ్యాల సెలవు బాపూ. చికెన్ దుకాణానికొచ్చిన. ఇంకా నా వంతు రాలే."

"లైను పెద్దగుందా?"

"లైనే ఉండదిక్కడ. వచ్చినోళ్లు 'ఆఖరు ఎవరు' అని అడుగుతరు. ఆఖరున ఉన్నోళ్లు చెయ్యి లేపుతరు. వాళ్ల తర్వాత మన వంతు."

"మంచిగనే ఉంది, మా చెప్పుల లెక్క. మరి నువ్వు అడిగినవా?"

"లే. తప్పు మాట్లాడితే నవ్వుతరని ఊకున్న. నా ఎనుక వచ్చినోళ్లు గూడ కొనుక్కొని పోతున్నరు."

"క్లాసుల మస్తు మాట్లాడుతనంటివి?"

"క్లాసుల ఇంగ్లిష్ బాపూ. పోయిన వారం గూడ గిట్లనే నిలబడి నిలబడి, ఇంటికి పోయి గుడ్లు వండుకున్న."

"చెప్పులు పెట్టకుంట నీడకు కూసుంటే నాకు యూరియా ఎవలిస్తరు బిడ్డా? నవ్వితే నవ్వనియ్. ఫోన్ పెట్టకు, అడుగు."

తనకు తెలియని భాషలో కూతురి గొంతు మొదట సన్నగా, మళ్లీ గట్టిగా వినిపించిందాయనకు.

"ఒక ముసలమ్మ చెయ్యి లేపింది బాపూ. ఎవరూ నవ్వలే. ఆగు, ఇంకొకాయన లోపలికొచ్చి అడుగుతున్నడు."

"మరి లేపు చెయ్యి. ఇప్పుడు ఆఖరు నువ్వే గద."

"లేపిన."

"శభాష్. ఇగ ఉంట బిడ్డా. నా చెప్పులను ఎవడో ఎనుకకు జరుపుతున్నడు. నేను గూడ చెయ్యి లేపాలె."