రెండంగుళాలు తక్కువైన టేపు

కూతురు బడిలో కళ్ళు తిరిగి పడిపోయిందని కబురొస్తే, దర్జీపని చేసే ఆ తల్లి కుడుతున్న జాకెట్టును మిషను మీదే వదిలేసి పరుగెత్తింది. పిల్లను ఇంటికి తెచ్చి కూర్చోబెట్టాక నిలదీసింది.

“పొద్దున పెట్టిన టిఫిను ఏంచేశావే?”

“వీధికుక్కకి వేశానమ్మా. మూడు నెలలుగా దానికే వేస్తున్నా. నేను లావైపోతున్నాను కదా!”

“లావా? నువ్వా? ఏ కళ్ళులేని మొహం అందే ఆ మాట?”

“నీ పాత టేపే చెప్పింది. నడుం ఇరవై ఎనిమిది! పొద్దున కడుపు మాడ్చుకుంటున్నా, సాయంత్రం ఆగలేక దొరికిందల్లా మింగేస్తున్నా. ఒక్క అంగుళం తగ్గితే ఒట్టు.”



“ఓసి పిచ్చిదానా! దాని మొదలు చిరిగిపోతే నేనే కత్తిరించేశాను. అది రెండు నుంచి మొదలవుతుంది. వచ్చిన కొలతలోంచి రెండు తీసెయ్యాలే! నీ నడుం ఇరవయ్యారే!”

“అంటే... మూడు నెలలు ఊరికే మాడానా? కొలతలకొచ్చిన ప్రతి ఆవిడకీ ‘నడుం తగ్గాలంటే పొద్దున తిండి మానెయ్’ అని చెప్పేది నువ్వే కదమ్మా!”

తల్లి లేచి వెళ్ళి, అన్నం కలిపి తెచ్చింది. ముద్ద చేసి కూతురి నోటి దగ్గర పెట్టింది.

“ఇకనుంచి నేను నోరు మూసుకుని కొలుస్తాను. నువ్వు నోరు తెరువు.”