గూటికో జెండా

చెరువు ఒడ్డున పక్షుల రక్షణ ప్రాంతం. పొద్దున్న ఆరున్నర. గేటు పక్క గదిలో ఇద్దరు: గార్డు, గూళ్ళ కాపలాకు జీతం లేకుండా వచ్చే రిటైర్డు నర్సు.

“జెండా పీకింది ఎవరు?”

“ముందు కూర్చోండి నర్సమ్మా. టీ పోస్తా.”

“టీ సంగతి తర్వాత. పన్నెండు గూళ్ళకి పదకొండు పోయాయి. ఉన్నది ఒక్కటి. నిన్న సాయంత్రం దాని పక్కన జెండా ఉంది, ఇప్పుడు గేటు నుంచి చూస్తే లేదు.”

“గాలికి...”

“గాలి పీకి, తెచ్చి, నీ మంచం కింద పెట్టిందా? కొస కనిపిస్తోంది.”

“నేనే పీకానమ్మా.”

“ఎందుకయ్యా? ఈ పిట్టలు నేల మీద, గులకరాళ్ళలో గుడ్లు పెడతాయి. వచ్చేపోయేవాళ్ళు తొక్కేస్తారనేగా రెండు నెలలుగా తిరిగి తిరిగి పాతింది!”

“తెలుసు.”

“తెలిసే పీకావా? పై ఆఫీసరు చెప్పాడా?”

“లేదు.”

“మరి నా మీద కోపమా? డ్యూటీలో నిద్రపోయావని రిజిస్టర్లో రాశాననా?”

“అయ్యో, అదెప్పుడో మర్చిపోయా.”

“మర్చిపోలేదు. మొహం చూస్తే తెలుస్తోంది.”

“మర్చిపోలేదు. కానీ అందుకు కాదు. ఆ పదకొండూ ఎలా పోయాయనుకుంటున్నారు?”

“పాములు.”

“పాములు కాదు. తుమ్మచెట్ల వెనక ఇంకో మూడు గూళ్ళున్నాయి. మీ కంట పడలేదు, జెండా పాతలేదు. మూడింట్లోనూ గుడ్లు పిల్లలయ్యాయి.”

“అయితే?”

“జెండా ఉన్నచోట గుడ్లుంటాయని కాకి కనిపెట్టేసిందమ్మా. మీరు ఇటు తిరిగేసరికి అది అటు దిగుతోంది.”

“చూశావా?”

“మొన్న, ఈ కళ్ళతో.”

“చూసి నోరు మూసుక్కూర్చున్నావా!”

“ఎలా చెప్పను? ఎండనక వాననక పడి...”

“ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో చేశాను. ఇంతకంటే చేదు మాటలు జనానికి నేనే చెప్పాను. సరే, జెండా వద్దు. దూరం నుంచి ఒక్కసారి చూసి వచ్చేస్తా.”

“వద్దమ్మా.”

“చూడ్డం కూడా తప్పేనా?”

“కాకికిప్పుడు జెండా అక్కర్లేదు, మీరు చాలు. మీరు ఎక్కడ వంగితే అక్కడికొస్తోంది. అదిగో, మీ స్కూటర్ ఆగగానే వచ్చి గేటు మీద వాలింది.”

“అదేనా?”

“అదే.”

“అంటే నన్నిక రావద్దంటావు.”

“నేనెలా అంటానమ్మా?”

“అనలేకే కదా దొంగచాటుగా పీకావు. గుడ్లు పిల్లలవడానికి ఇంకో ఆరు రోజులు.”

“ఆ ఆరు రోజులూ ఇంటిపట్టున ఉంటే...”

“నేను ఇంటిపట్టున ఉంటే అది ఉంటుందా? ఒడ్డంతా వెతుకుతుంది. ఆ మంచం కింద జెండా ఇటివ్వు.”

“ఎందుకూ?”

“గుడ్లు లేని చోటేదో చూపించు. ఆరు రోజులూ అక్కడే వంగుతా.”