పేరులేని తల్లి

(ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, నవంబరు నెల. బెజవాడలో ఒక ప్రదర్శన హాలు. పటమటలో డ్రాయింగు మాస్టారు ఇశ్రాయేలు, ఆయన భార్య అమలమ్మ.)

"అలా ముక్కు మూసుకుంటావేంటి అమలా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"చూడ్డానికి ఎవరున్నారిక్కడ? కంపు కొడుతోందండీ. చేపల బుట్ట కంపు."

"వార్నీషు వాసన అది."

"వార్నీషు కింద ఏముందో దాని వాసన. అట్లకాడలు, పగిలిన లాంతరు, చిరిగిన చాట, తుప్పు పట్టిన కత్తిపీట. ఏడాది బట్టీ దొడ్లో తడిక కట్టుకుని, నన్ను రానివ్వకుండా చేసింది ఇదా?"

"అది ఆడమనిషి. సరిగ్గా చూడు. లాంతరు తల. అట్లకాడలు వేళ్ళు. మధ్యలో ఇత్తడి బిందె కడుపు."

"ఇది చూడ్డానికి పెద్దవాళ్ళొస్తారా?"

"వస్తారు. హాలు సెక్రటరీ చౌడయ్యగారు వాళ్ళకోసమే కారేసుకుని స్టేషనుకెళ్ళారు. ఇంట్లో వాడుకునే సామానుతో ఇంత పెద్ద బొమ్మ ఈ చుట్టుపక్కల ఎవరూ చెయ్యలేదన్నారు తెలుసా ఆయన."

"ఎందుకు చేస్తారండీ, శుభ్రంగా తోముకుని వంట చేసుకుంటారు గానీ. కనీసం ఆ బురదన్నా కడగాల్సింది."

"కడిగితే ఇంకేముంది? ఆ బురదే దాని ప్రాణం. దివిసీమ బురద. ఇదంతా ఉప్పెనలో కొట్టుకుపోయిన ఇళ్ళ సామాను."

"అంటే పోయినవాళ్ళ సామానా?"

"ఇదుగో, నువ్విలా అంటావనే ముందు చెప్పలేదు."

"పోయినవాళ్ళ సామాను తెచ్చి మన దొడ్లో పోసుకున్నారా? ఆ తడిక పక్కనే కదండీ నేను అంట్లు తోముకుంది. ఎక్కణ్ణించి తెచ్చారు?"

"వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్టు. ఉప్పెన తగ్గాక లారీల మీద వచ్చి పడింది. అందరూ కొన్నట్టే నేనూ కొన్నాను."

"ఛీ. వాళ్ళ ఉసురు తగులుతుందన్న జ్ఞానం కూడా లేదు. ఆ బిందె మెడకి ఆ పేలికేంటి?"

"అదా... నేనే చుట్టాను. బోసిగా ఉందని."

"మీరు చుట్టారా? దోమతెర తాడు ముడెయ్యడం రాక నన్ను పిలిచే మనిషి మీరు. అది ఎవరో గట్టిగా బిగించిన ముడి."

"దగ్గరికెళ్ళకు. వార్నీషు ఆరలేదు."

"ఎప్పుడో ఆరింది. ఏవండీ, ఈ బిందె అడుగున మాటుంది."

"పాత బిందె. చిల్లు పడిన చోట మాట్లుంటాయి."

"మాటు మీద మాటు. మా చెల్లి బిందెకీ అంతే. పామర్రులో వేయించాం, నిలవక కారుతుంటే దాని మీదే ఇంకోటి వేయించాం."

"ఎన్ని బిందెలకి ఉండవు అట్లా?"

"ఉంటాయి. పేరు చూస్తే తేలిపోతుందిగా. 'చెల్లి తెరేసమ్మకు అక్క అమలమ్మ ఇచ్చినది' అని భుజం మీద చెక్కించాను. పెళ్ళికిచ్చే బిందె మీద పేరెయ్యకుండా ఎవరిస్తారు?"

"దీనిమీద పేరు లేదు. చూశావుగా. ఇక ఇవతలికి రా."

"పేరు లేదు. పేరుండాల్సిన చోట గరుకుగా ఉంది."

"బురద."

"బురద కాదు. ఒళ్ళంతా బురద అలాగే ఉంచి, ఇక్కడ మాత్రం ఆకురాయి పెట్టి అరగదీశారు. ఎందుకరగదీశారండీ?"

"అమలా, వాళ్ళొచ్చే వేళయింది. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇప్పుడే చెప్పండి. ఇది పాత సామాన్ల కొట్లో దొరికిందా?"

"కొట్లోవి కొన్ని... ఇది మాత్రం నేనే తెచ్చాను."

"ఎక్కణ్ణించి? మా చెల్లి ఇంటి ఆనవాలే దొరకలేదన్నారే. దివిసీమంతా వెతికి వెతికి వచ్చానని నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చారే."

"ఇల్లు లేదు. ఒట్టు. ఇల్లు లేదనే చెప్పాను నీకు."

"ఇల్లు లేదు. సరే. చెల్లి?"

"కాలవ గట్టున తుమ్మచెట్లున్నాయి..."

"చెల్లి ఉందా?"

"తుమ్మకంపకి తట్టుకుని ఉంది. నువ్వు చూడగలిగేలా లేదమలా. తేలతాననుకుని కాబోలు, చీర చింపి బిందె మెడకి ముడేసి తన నడుముకి కట్టుకుంది."

"ఆ పేలిక."

"తడిసి బిగిసిపోయింది ముడి. పక్కనుంచి కోసి తీశాను."

"ఆకుపచ్చ చీర. ఈస్టరుకి నేను పెట్టింది. మీరు వార్నీషు పూశారు, నల్లబడిపోయింది, నేనే పోల్చుకోలేకపోయాను. మరి చెల్లినేం చేశారు?"

"అందరితోపాటే పాతిపెట్టారు. పెద్ద గొయ్యి. మళ్ళీ వెళితే నేను కూడా చూపించలేను. ఎవరూ గుర్తు పెట్టలేదు."

"దాన్ని గోతిలో వదిలేసి దాని బిందె చంకనేసుకుని వచ్చారు."

"నువ్వు తట్టుకోలేవని చెప్పలేదమలా."

"మొన్న సమాధుల పండక్కి ఫాదరుగారు పోయినవాళ్ళందర్నీ తలుచుకుంటూ తెరేసమ్మ పేరెత్తబోతే, నేను అడ్డం పడ్డాను. నా చెల్లి పోలేదండీ, ఏ క్యాంపులోనో ఉందండీ, దాని పేరెత్తకండీ అన్నాను. సమాధుల తోట నిండా జనం. మీరు నా పక్కనే కొవ్వొత్తి పట్టుకుని నుంచున్నారు."

"నోరు రాలేదు."

"ఎలా వస్తుంది? చెబితే ఈ బిందె ఇంట్లోకొచ్చేది. నేను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేదాన్ని. మీ బొమ్మకి కడుపుండేది కాదు."

"అలా అనకు. నీకిద్దామనే తెచ్చాను. ఎలా చెప్పాలో తెలీక దొడ్లో పెట్టాను. రోజూ చూస్తుంటే, ఇది మీ చెల్లి ఒక్కదాని బిందె కాదనిపించింది. అక్కడ పోయిన ఆడవాళ్ళందరూ కనపడ్డారు నాకు. అందుకే పేరు తీసేశాను. పేరులేని తల్లి అని పెట్టాను దీనికి."

"ఉన్న పేరు గీకేసి, పేరులేని తల్లా? ఆ చేత్తోనే కదండీ, జ్వరమొస్తే నాకు అన్నం కలిపి పెట్టారు. తిన్నాను నేను. ఇప్పుడొస్తోంది వాంతి."

"అమలా, ఇలా చూడు..."

"ముట్టుకోకండి నన్ను. అగ్గిపెట్టె ఉందా?"

"ఎందుకు? వద్దమలా. వార్నీషు భగ్గుమంటుంది. ఏడాది కష్టం. కావాలంటే నన్ను కొట్టు, అందరి ముందూ కొట్టు."

"ఇప్పుడు కూడా బొమ్మ గురించే మీ భయం. చెల్లి పేరున ఫాదరుగారిచ్చిన కొవ్వొత్తి ఆవేళ వెలిగించకుండా సంచిలో పడేశాను. ఇంకా అందులోనే ఉంది. ఇక్కడ, నేల మీద పెడతాను. ఇవ్వండి అగ్గిపెట్టె."

"ఇదుగో. అయ్యో, కారొచ్చేసింది. చౌడయ్యగారు వాళ్ళని తీసుకొస్తున్నారు. అమలా, లే. మోకాళ్ళ మీద కూర్చుంటావేంటి? వాళ్ళకి నేనేం చెప్పను?"

"ఇది సమాధని చెప్పండి. చెప్పులు బయట విడిచి రమ్మనండి. ముందు మీవి విప్పండి."